సంభావ్యత లెక్కలు వచ్చు, కానీ నాన్నకి వాన గురించి చెప్పడం రాలేదు

సంపాదకులకు నమస్కారం.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇరవై ఏళ్ళ పైబడి ఇంట్లోనే సాయంత్రం పూట పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను, ఎనిమిది నుంచి పదో తరగతి దాకా, ఎక్కువగా లెక్కలు. నా దగ్గరికొచ్చే పిల్లలు బడిలో ఒడియాలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు. ఈ ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, దయచేసి కత్తిరించకుండా వేయండి. వేయడం కుదరకపోతే మీరైనా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇందులో బడులతో పాటు మీ పత్రిక చేయగలిగిన పని కూడా ఉంది.

కిందటి నవంబర్‌లో జరిగింది చెబుతాను. మా వీధిలో ఒక రైతు కుటుంబం ఉంది. ఇల్లు పర్లాకిమిడిలో, పొలం పాతపట్నం వైపు, అంటే పడుకునేది ఒడిశాలో, పండించేది ఆంధ్రాలో, ఇక్కడ చాలామందికి ఇది మామూలే. వరి కోసి పనలు పొలంలోనే ఆరబెట్టారు, రెండు ఎండలు తగిలాయి. మూడో రోజు సాయంత్రం ఆకాశం కొంచెం మసకేసింది. తండ్రి కొడుకుని పిలిచి, రేపటికి వాన ఉందేటో ఫోన్‌లో చూడరా అన్నాడు. ఆ అబ్బాయి నా దగ్గరే పదో తరగతి చదువుతున్నాడు, సంభావ్యత, అంటే ఏదైనా జరిగే అవకాశం ఎంతో లెక్క కట్టే పాఠంలో ఒక్క లెక్క కూడా తప్పు పోయేవాడు కాదు. చూసి 30 శాతం అన్నాడు. అయితే వస్తాదా రాదా చెప్పు అన్నాడు తండ్రి. రాదు నాన్నా, సగం కన్నా తక్కువే కదా అన్నాడు వీడు. పనలు అలాగే వదిలేసి పడుకున్నారు. రాత్రి రెండింటికి మొదలైన వాన మర్నాడు మధ్యాహ్నం దాకా పడుతూనే ఉంది. చేలో నీళ్ళు నిలిచి, గింజ రంగు మారి, కొంత మొలకే ఎత్తేసింది. ఏడాది కష్టం కళ్ళముందు అలా పోతే ఆ ఇల్లాలు ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తండ్రేమో ఫోన్ అబద్ధం చెప్పిందన్నాడు. కొడుకు తనదే తప్పని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, ట్యూషన్‌కీ రాలేదు. నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఫోన్ అబద్ధం చెప్పలేదు. అబ్బాయి అంకె తప్పు చదవలేదు. కానీ ఆ అంకెకి అర్థమేమిటో, దాంతో ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేకపోయారు. బడిలో వాడికి నేర్పింది సగమే, ట్యూషన్‌లో నేను నేర్పింది కూడా ఆ సగమే, అందుకే ఇది నాకు ఇంతగా గుచ్చుకుంది.

మేమిద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆ సాయంత్రమే కూలీలని పెట్టి పనలు ఎత్తించి కుప్ప వేయిస్తే ఎంతయ్యేదిరా అంటే 2,500 అన్నాడు. తడిస్తే పోయేది ఎంత అంటే 12,000 దాకా. సరే, ఇలాంటి సాయంత్రాలే పది వచ్చాయనుకో. 30 శాతం అంటే సగటున పదింటిలో మూడుసార్లు వాన పడుతుంది. ఎత్తించకుండా వదిలేస్తే మూడుసార్లు తడిసి 36,000 పోతుంది. పదిసార్లూ ఎత్తిస్తే 25,000తో సరిపోతుంది. అంటే వాన వచ్చేకన్నా రాకపోయే అవకాశమే ఎక్కువ ఉన్నా కూడా పనలు ఎత్తడమే మంచిది. అదే 10 శాతం అయితే వదిలేస్తే పోయేది 12,000, ఎత్తిస్తే 25,000, అప్పుడు వదిలేయడమే మేలు. మరి ఎక్కడ గీత గీయాలి టీచర్ అని వాడే అడిగాడు, వాడే 2,500ని 12,000తో భాగించి 21 శాతానికి కొంచెం తక్కువ అని చెప్పాడు. బడిలో ఇన్ని నాణేలు ఎగరేయించారు, ఇన్ని పాచికలు వేయించారు, ఈ ఒక్క భాగహారం మాత్రం ఎవరూ చేయించలేదు.

అప్పుడు నేను, ఇదంతా ఒక పేజీలో మీ నాన్నకి అర్థమయ్యేలా తెలుగులో రాసివ్వు అన్నాను. వాళ్ళ నాయనమ్మ దగ్గర తెలుగు రాయడం చక్కగా నేర్చుకున్నాడు. మర్నాడు తెచ్చిన కాగితం ఇలా మొదలైంది: "సంభావ్యత అనగా ఒక ఘటన జరుగుటకు గల అవకాశమును సూచించు సంఖ్య. ఇది 0 నుండి 1 వరకు ఉండును. వర్షము సకల జీవులకు ప్రాణాధారము. కావున మనమందరము వాతావరణ సూచనలను తప్పక పాటించవలెను." ఒడియాలో రాయమన్నా ఇదే తీరు, భాష మారుతుంది గానీ సరుకు మారదు. తండ్రి చదివి, ఇందులో నా వరి ఎక్కడుందిరా అన్నాడట. ఎంత మంచి ప్రశ్నో చూడండి.

పిల్లల్ని తప్పు పట్టలేం. బడిలో వాళ్ళకి తెలిసిన రాత వ్యాసం ఒక్కటే. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు, అదీ గైడులో ఉన్నది ఉన్నట్టు. లేదంటే జ్వరం వచ్చిందని సెలవు చీటీ. ఒక విషయం తెలియని మనిషికి ఆ విషయం తెలిసేలా రాయడం అనేది వాళ్ళకి ఒక పనిగా ఎప్పుడూ ఎదురవలేదు. ఎవరి కోసం రాస్తున్నామో ఆ మనిషిని ముందు కూర్చోబెట్టుకోవాలి, ఆయనకి తెలిసినదేమిటో తెలియనిదేమిటో చూసుకోవాలి, కొత్త మాట వస్తే అక్కడే విడమర్చాలి, అంకె ఎక్కడిదో చెప్పాలి, ముందు చెప్పాల్సింది ముందు, వెనక చెప్పాల్సింది వెనక పెట్టాలి. కవిత్వం పుట్టుకతో రావాలంటారేమో గానీ దీనికి అక్కర్లేదు, సైకిల్ లాగే ఎవరికైనా నేర్పొచ్చు.

నేను ట్యూషన్‌లో చిన్న పరీక్ష పెట్టాను. విరేచనాలవుతుంటే ఇంట్లో ఓఆర్ఎస్ పొట్లం లేకపోతే ఉప్పు పంచదార నీళ్ళు ఎలా కలపాలో, ఇంట్లో ఒక్కతే ఉన్న మీ చెల్లికి రాయండి అన్నాను. పదకొండు మంది రాశారు. పదకొండు మందిలోనూ ఉన్న మాట "కొంచెం ఉప్పు, కొంచెం పంచదార, కావలసినన్ని నీళ్ళు". సరైన కొలత ఏమిటంటే కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు, తలకొట్టిన టీ చెంచాతో పంచదార 6, ఉప్పు అర చెంచా. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకి ప్రమాదం. "కొంచెం" అనే మాటలో ఎంత ప్రమాదం ఉందో అప్పుడు వాళ్ళకి తెలిసింది. ఒకమ్మాయి అయితే, మరి వాతావరణం వాళ్ళు కూడా "కొంచెం వాన" అని చెప్పకుండా శాతం చెప్పేది అందుకేనా టీచర్ అంది. ఆ ప్రశ్నతో నాకు ఒకటి తట్టింది, ఈ రెండూ వేర్వేరు పాఠాలు కాదని. తెలియని దాన్ని కూడా కొలిచి చెప్పడం సంభావ్యత, కొలిచినదాన్ని ఎదుటి మనిషికి అందేలా పెట్టడం ఈ రాత. ఒకటి లెక్కల మాస్టారి దగ్గర, ఇంకోటి భాషా పండితుల దగ్గర ఉండిపోయి, ఆ ఇద్దరూ స్టాఫ్ రూములో పక్కపక్కన కూర్చుని కూడా ఎప్పుడూ కలిసి పాఠం చెప్పరు.

రైతు కొడుకు ఆ కాగితాన్ని నాలుగుసార్లు రాశాడు. ప్రతిసారీ తండ్రి ఏదో ఒకటి అడిగేవాడు. ఏ మూడు రోజులో చెప్పనప్పుడు ఆ లెక్క నాకెందుకు అన్నది అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న, దానికే వాడికి వారం పట్టింది. నాలుగోసారి రాసినది ఇది: "నాన్నా, ఫోన్‌లో 30 అని ఉంటే ఇలాంటి సాయంత్రాలు పది వస్తే మూడింటికి వాన పడుతుంది. ఏ మూడో ముందు ఎవరికీ తెలీదు, అందుకే పదిటికీ ఒకే రకంగా జాగ్రత్త పడాలి. మనకి ఎత్తించే కూలి 2,500, తడిస్తే నష్టం 12,000 కాబట్టి 21 దాటితే ఎత్తేద్దాం. కూలి పెరిగినా ధాన్యం ధర మారినా నాకు చెప్పు, ఈ 21 మళ్ళీ లెక్క కట్టాలి." ఆ కాగితం వాళ్ళింట్లో క్యాలెండర్ వెనక గుచ్చి ఉంది. వాడి మార్కుల కాగితం కన్నా అదే నాకు గొప్పగా కనిపించింది.

ఇదంతా మా ఊళ్ళో జరగడం నాకు ఇంకా బాధ. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడి బడిలోనే. మనుషులు మాట్లాడే భాషలోనే పుస్తకాలు ఉండాలని, బడిలో రాత కూడా అలాగే ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. కొండల్లో సవరల భాష నేర్చుకుని వాళ్ళ కోసం వాచకాలు, నిఘంటువు తయారుచేశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం, పద్యాలు పాడిస్తాం. ఆ రోజున ఏ బడిలోనైనా, బావి నీళ్ళలో బ్లీచింగ్ ఎలా వేయాలో మీ అమ్మకి తెలుగులో రాయండి అని పిల్లల చేత రాయిస్తే ఆయన ఎక్కువ సంతోషిస్తారని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆయన పోయి ఎనభై ఏళ్ళు దాటినా ఇంకా "జరుగుటకు గల అవకాశమును సూచించు" దగ్గరే ఉన్నాం.

సంభావ్యత పాఠం సంగతికొస్తే, మా ఒడిశా బోర్డు పదో తరగతి బీజగణితంలో ఈ పాఠం ఉంది, పేరు కూడా మన మాటే, వాళ్ళు కొంచెం వేరుగా పలుకుతారు అంతే. పాఠంలో నాణేలు, పాచికలు, ఇక గైడుల్లో పేకముక్కలు. పేక ముక్కే ముట్టని ఆడపిల్లకి ఇస్పేటు, ఆటీను, డైమన్, కళావరు అని, బొమ్మ ముక్కలు 12 అని బట్టీ పట్టించి దాని మీద లెక్క ఇస్తాం. ఆ పిల్లకి కష్టం లెక్కలో లేదు, పేకలో ఉంది. పేక కన్నా దగ్గరివి ఎన్ని లేవు మనకి. కోడి పొదిగిన గుడ్లలో ఎన్ని పిల్లలయ్యాయి, గుణుపూర్ పాసింజర్ నెలలో ఎన్ని రోజులు ఆలస్యంగా వచ్చింది, జీడి మొక్కలు పది నాటితే ఎన్ని బతికాయి, ఇవన్నీ లెక్క కట్టొచ్చు.

జూదం గురించి కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే జాతరల్లో మన పిల్లలు ముందు నేర్చుకునే సంభావ్యత అదే. గుడ్డ మీద ఆరు బొమ్మలు, డబ్బాలో మూడు పాచికలు. మన బొమ్మ ఒకసారి పడితే పెట్టినంత, రెండు పడితే రెట్టింపు, మూడూ పడితే మూడింతలు లాభం. ఆరు బొమ్మలు, మూడు పాచికలు, సగానికి సగం అవకాశం ఉన్నట్టే ఉంటుంది, కుర్రాళ్ళంతా అక్కడే పడిపోతారు. నిజానికి మూడు పాచికలు 216 రకాలుగా పడతాయి. వాటిలో మన బొమ్మ అసలు పడనివి 125, ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడూ పడేది ఒక్కటే. పది రూపాయల చొప్పున 216 ఆటలు ఆడితే పోయేది 1,250, వచ్చేది 750, 300, 30 కలిపి 1,080. ఆట నిర్వాహకుడు ఏ మోసమూ చేయకపోయినా సగటున మన జేబులోంచి 170 రూపాయలు పోవాల్సిందే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఈ లెక్కంతా పట్టికగా వేసి వాళ్ళ అన్నయ్యకి ఉత్తరంలా రాసింది. అతను ఆడటం మానేశాడని చెప్పను, మానేశాడో లేదో ఆ పిల్ల చెప్పలేదు. కానీ రాత్రంతా ఆ కాగితం పట్టుకుని లెక్కలో తప్పు వెతికాడట, దొరకలేదట.

ఇంకో పొరపాటు పెద్దవాళ్ళలోనే ఉంది. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటింది. మాకు అటూ ఇటూ ఊళ్ళన్నీ అతలాకుతలం. ఇంత పెద్దది వచ్చాక ఇక పదేళ్ళు భయం లేదని మా వీధి పెద్దలే అన్నారు, నేను కూడా నమ్మాను. సరిగ్గా ఏడాదికి, మళ్ళీ అక్టోబర్ 12నే, విశాఖ మీద హుద్‌హుద్ పడింది. 2018 అక్టోబర్ 11న పలాస వైపు తిత్లీ. ఆ వానకి మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వరసగా బొమ్మ పడితే తర్వాత బొరుసే పడాలని నాణేనికి గుర్తుండదు, కిందటేడు వచ్చానని తుఫానుకీ గుర్తుండదు. ఈ ఒక్క సంగతి పిల్లలకి ఎనిమిదో తరగతిలో తెలిస్తే, తుఫాను షెల్టరుకి రమ్మంటే మొండికేసే తాతని వాళ్ళే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు.

ఇప్పుడు మీ పత్రిక సంగతి. కోపం తెచ్చుకోకండి, రోజూ చదివే మనిషిగా చెబుతున్నాను. "పలు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది" అని ప్రతి అల్పపీడనానికీ వేస్తారు. వాతావరణ శాఖ వాడే మాటలకి వెనక అంకెలున్నాయి. ఒకటి రెండు చోట్ల అంటే ఆ ప్రాంతంలోని వర్షమాన కేంద్రాల్లో 25 శాతం లోపు, కొన్ని చోట్ల అంటే 26 నుంచి 50, చాలా చోట్ల అంటే 51 నుంచి 75, అది దాటితే దాదాపు అన్ని చోట్లా. భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 దాకా, అతి భారీ అంటే 115.6 నుంచి 204.4 దాకా, ఆపైన అత్యంత భారీ. ఇవి ఎంత చోటు, ఎంత వాన అని చెప్పే అంకెలు. వాన వచ్చే అవకాశం ఎంత అనేది మళ్ళీ వేరే అంకె. మూడూ కలిపి "పలు చోట్ల అవకాశం" అని వార్తలో కుక్కేస్తే చదివే రైతుకి ఏమి తెలుస్తుంది? పైగా మేం సరిహద్దు వాళ్ళం, ఒడియా టీవీలో భువనేశ్వర్ కేంద్రం మాట, తెలుగు టీవీలో ఆంధ్రా కేంద్రాల మాట, రెండూ వింటాం, రెండూ వేరుగా ఉన్నట్టు అనిపించి దేన్నీ నమ్మకుండా ఊరుకుంటాం. రోజూ వాతావరణం వార్త పక్కన ఈ మాటల అర్థాలు చిన్న పెట్టెలో వేయండి. నాలుగు అంగుళాల చోటు.

ఒడిశా నేల మీదే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది, పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది. 1926లో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. నది అడుగుభాగం పైకి లేచిందని, గట్లు ఇంకా ఎత్తు చేయాలని ఇంజనీర్లు అన్నారు. సంఖ్యాశాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ గారు సుమారు అరవై ఏళ్ళ వాన లెక్కలు, వరద లెక్కలు ముందేసుకుని చూసి, అడుగుభాగం లేవలేదు, ఎగువన పడిన వానే కారణం అని తేల్చారు. గట్ల కన్నా ఎగువన నీళ్ళు నిలిపే ఆనకట్టలు కావాలని చెప్పారు, తర్వాత మహానది మీద హిరాకుడ్ ఆలోచనకి ఆ పని కూడా తోడైంది. ఆయన లెక్క కట్టి తన దగ్గరే దాచుకుంటే ఏం లాభం, రాసిచ్చారు కాబట్టే అది పదిమందికీ పనికొచ్చింది. మన తెలుగువాడు, సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి కలకత్తాలో ఆ మహలనోబిస్ గారి గణాంక సంస్థకే వెళ్ళి ప్రపంచానికి పాఠం చెప్పే స్థాయికి ఎదిగారు. విశాఖ మాకెంత దూరం?

బడుల్ని నేను అడిగేది పెద్ద ఖర్చున్నది కాదు, కొత్త పుస్తకం అక్కర్లేదు, ట్యాబులు అక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచి వారానికి ఒక పీరియడ్, లెక్కల టీచరు, భాష టీచరు ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. గోడకి ఒక వాన రిజిస్టరు వేలాడదీయాలి. పొద్దున్న ఫోన్‌లో చెప్పిన శాతం ఒక గడిలో, సాయంత్రం నిజంగా పడిందా లేదా ఇంకో గడిలో పిల్లలే రాయాలి. నెల తర్వాత 30 శాతం అన్న రోజులన్నీ విడిగా తీసి ఎన్ని రోజులు తడిశామో లెక్కపెట్టాలి, అదొక్కటే వంద నాణేలతో సమానం. నెలాఖరున ఆ రిజిస్టరు చూసి ఒక పేజీ రాయాలి, దాన్ని దిద్దాల్సింది టీచరు కాదు, ఇంటి దగ్గర అమ్మో నాన్నో తాతో చదివి, అర్థం కానిచోట కింద గీత గీసి పంపాలి. ఒడియాలో చదివే పిల్ల ఒడియాలోనూ తెలుగులోనూ రెండుసార్లు రాయాలి, సవర పిల్లలు సవర భాషలో ఇంట్లో నోటితో చెప్పి రావాలి. చదువురాని తల్లిదండ్రులుంటే పిల్ల చదివి వినిపిస్తుంది, వాళ్ళు అడిగిన ప్రశ్న కాగితం అడుగున రాసుకొస్తుంది. పరీక్షలో కూడా ఒక్క ప్రశ్న చాలు, ఐదు మార్కులది: ఈ పట్టిక చూసి మీ ఊరి రైతుకి ఎనిమిది వాక్యాల్లో సలహా రాయండి.

మా ట్యూషన్‌లో వచ్చే జూన్ నుంచి రిజిస్టరు పెడుతున్నాం. అబ్బాయి తండ్రే రేకుల డబ్బా కోసి వాన కొలిచే గిన్నె చేసిస్తానన్నాడు. పిల్లలు రాసిన కాగితాల్లో మంచివి నెలకి ఒకటి మీకు పంపుతాను, తప్పులతో సహా, పిల్లల పేర్లు లేకుండా. మీ జిల్లా పేజీలో మూలన ఎక్కడైనా చోటిస్తారా, ఇవ్వరా, ఒక్క ముక్క రాయండి. జూన్ లోపల తెలిస్తే పిల్లలకి ఇప్పుడే చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక ట్యూషన్ టీచర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా